గ్రూప్ ఫోటోతో మొదలుపెట్టండి: మీ పేట బాల్ బ్యాడ్మింటన్ జట్టు చరిత్ర రాయడం ఎలా

మీ పేటలోనో, మీ కాలేజీలోనో, మీ నాన్నగారు పనిచేసిన ఆఫీసులోనో ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఉండేదా? దాని చరిత్ర రాయాలని ఉందా? అయితే కప్పుల దగ్గర మొదలుపెట్టకండి. చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఏ ఏడు ఎక్కడ గెలిచాం, ఫైనల్లో ఎవరిని ఓడించాం అని నాలుగు పేజీలు రాసేసరికి సరుకు అయిపోతుంది, పుస్తకం ఆగిపోతుంది. గ్రూప్ ఫోటో తీసుకోండి. అందులో కనిపించే ప్రతి మొహానికీ ఇంటిపేరుతో సహా పేరు రాబట్టండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు బతికి ఉండగానే చేయాల్సిన పని ఇదొక్కటే. మిగతావన్నీ కాస్త ఆలస్యమైనా దొరుకుతాయి.

నేను గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు పెట్టిన ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఆయన రోజుల్లో టోర్నమెంట్ అయిపోగానే జట్లు కప్పు పట్టుకుని, చెమట బనియన్లతోనే తిన్నగా స్టూడియోకి వచ్చేవి. ఆ నెగటివ్‌లు కవర్లలో భద్రంగా ఉన్నాయి. వాటి ఆధారంగానే మా పేట జట్టు చరిత్ర పుస్తకంగా వేశాను. ఆ పనిలో తెలిసినవి ఇక్కడ చెబుతున్నాను. మీది కబడ్డీ జట్టైనా, వాలీబాల్ జట్టైనా చాలావరకు ఇవే పనికొస్తాయి.

ఈ ఆట చూడని పిల్లలకు రెండు మాటలు. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, 24 మీటర్ల పొడవు 12 మీటర్ల వెడల్పు కోర్టు. బంతి నేల తాకకుండా కొట్టాలి. తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆట అని చెబుతారు. దేశమంతటికీ కలిపి ఫెడరేషన్ 1954లో ఏర్పడింది. ఈ ఆటలో మొట్టమొదటి అర్జున అవార్డు 1970లో మన తెలుగువారు జమ్మలమడక పిచ్చయ్య గారికే వచ్చింది. ఆయన వరంగల్‌లో స్థిరపడి, నూరేళ్లు దాటి జీవించి, 2021 డిసెంబరులో కన్నుమూశారు. అంత పెద్దాయన గురించే రాతలో ఉన్నది కొంచెం. మన పేటల్లో సాయంత్రాలు ఆడి ఇంటికెళ్లినవాళ్ల గురించి మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఫోటో చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పి చూడండి. స్టూడియో ముద్ర, నంబరు, పెన్సిల్‌తో రాసిన తేదీ, ఎవరి కాపీయో ఒక పేరు, ఏదో ఒకటి ఉంటుంది. ముందు వైపుతో పాటు వెనక వైపు కూడా ఫోటో తీసుకోండి. ఫ్రేములో ఉన్న ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పైపొర, ఊడి మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. అద్దం మీదుగానే తీసుకోండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీస్తే సరిపోతుంది. వాట్సాప్‌లో ఎవరికైనా పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గి, వెనక వరసలో మొహాలు మచ్చల్లా మిగులుతాయి.

నెగటివ్ దొరికితే అదృష్టమే. ట్యాబ్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెర అంతా తెల్లగా వెలిగేలా పెట్టి, దానికి కాస్త ఎత్తులో నెగటివ్ పట్టి ఫోన్‌తో తీసి, రంగులు తిరగేస్తే బొమ్మ వస్తుంది. కవరు తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, అన్నిటికంటే ముందు కాపీ తీయండి.

నెగటివ్ తిరగేసి ప్రింటు వేసిన పాత ఫోటోలు కూడా ఉంటాయి. అది గమనించకపోతే ఎడమ నుంచి కుడికి అని మీరు రాసే పేర్లన్నీ తారుమారవుతాయి. కుర్చీల్లో కూర్చున్న అతిథుల చొక్కాలు చూడండి. మగవాళ్ల చొక్కా జేబు వాళ్ల ఎడమ రొమ్ము మీద ఉంటుంది. అందరి జేబులూ వాళ్ల కుడి రొమ్ము మీద ఉన్నాయంటే ప్రింటు తిరగబడిందన్నమాట.

ఇక పేర్లు రాబట్టే పద్ధతి. ఫోటోను ఏ3 సైజులో జిరాక్స్ తీయించి, ఒక్కో మొహం పక్కన ఒక్కో నంబరు వేయండి. పెద్దవాళ్లకు చూపు ఆనదు కాబట్టి పెద్ద కాగితమే కావాలి. ఒకరు చెప్పిన పేర్లు రెండోవారికి చూపించకండి. పేరు చూస్తే "అవునవును, వాడే" అనేస్తారు. ఖాళీ నంబర్ల కాగితమే ఇచ్చి ఇద్దరి దగ్గర విడివిడిగా అడగండి. ఇద్దరూ ఒకే పేరు చెబితే ఖాయం చేసుకోవచ్చు. తేడా వస్తే మూడోవారి దగ్గరికి వెళ్లాలి. అసలు ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయొద్దు, ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్ వాడండి. కలర్ ప్రింటు మీద పెన్సిల్ పడదు, అలాంటప్పుడు కవరు మీద రాసి, ఆ తర్వాత ఫోటో అందులో పెట్టండి.

వరద సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, బియ్యం, ఫ్రిజ్, మంచాలతో పాటు బీరువా అడుగున ఉన్న ఆల్బమ్‌లూ సర్టిఫికెట్లూ పోయాయి. ఆ తర్వాత మా స్టూడియోకి వచ్చిన తడి ఆల్బమ్‌లు చూసి ఏడుపొచ్చింది. చాలావాటిని ఎండలో ఆరబెట్టి తెచ్చారు, పేజీలు రాయిలా అతుక్కుపోయాయి. ఫోటోలు తడిస్తే ఎండలో పెట్టకండి. అతుక్కున్నవాటిని విడదీయడానికి లాగకండి. శుభ్రమైన చల్లటి నీళ్ల పళ్లెంలో వేసి వాటంతటవే విడేదాకా ఉంచి, బొమ్మ పైకి ఉండేలా నీడలో బట్ట మీద పరిచి ఆరనివ్వండి. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లూ ల్యాబ్ కలర్ ప్రింట్లూ దీన్ని తట్టుకుంటాయి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసినవి మాత్రం నీళ్లలో వేయకూడదు, రంగు కరిగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. ఆ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

పేర్లు వచ్చాక మనుషుల దగ్గరికి వెళ్లండి. పెద్దవాళ్ల ఇంటికి మధ్యాహ్నం కునుకు తీశాక, నాలుగు దాటిన తర్వాత వెళ్లడం మంచిది. ఫోన్‌లో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, మొదట మీ గొంతుతోనే తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా ఆ వివరం లోపలే ఉంటుంది.

"మీ జట్టు గురించి చెప్పండి" అని అడిగితే "ఏముందమ్మా, బాగా ఆడేవాళ్లం" అంటారు. అంతటితో అయిపోతుంది. వస్తువుల గురించి అడగండి. చెక్క బ్యాట్‌కి గట్, అంటే అల్లిక తీగ, ఎవరు అల్లేవారు? వానాకాలంలో బ్యాట్ వంగిపోకుండా ప్రెస్‌లో బిగించేవారా? కోర్టు ఊడ్చి నీళ్లు చల్లేదెవరు, సున్నం గీతలు ఎవరు వేసేవారు? బంతులు ఎక్కడి నుంచి తెప్పించేవారు? వేరే ఊరు ఆడటానికి వెళ్తే రాత్రి ఎక్కడ పడుకునేవారు? ఖర్చులకు చందాలు ఎవరిచ్చేవారు, మిర్చి కమిషన్ వ్యాపారులా, పొగాకు వ్యాపారులా, డాక్టర్లా? ఆటవల్ల ఉద్యోగం ఎవరెవరికి వచ్చింది, రైల్వేలోనా, కరెంటాఫీసులోనా, ఆర్టీసీలోనా? ఒకాయన ఫోటో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "బాబాయిగారూ, ఈ ఐదో నంబరు ఎవరండీ?" అని అడిగాను. "వాడు మా సెంటర్, అమ్మాయ్. వాడి బ్యాట్ గట్ తెగితే మా అందరి బ్యాట్లూ వాడి ముందు పెట్టేవాళ్లం, ఏది కావాలో తీసుకోమని" అన్నారు. ఐదుగురిలో సెంటర్ ఆటగాడికి ఎంత విలువో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. ఆ మాటను యథాతథంగా పుస్తకంలో వేశాను. మీరూ అలాంటివి దిద్దకుండా వేయండి.

మీ జట్టు చేతిలో ఓడినవాళ్లనూ, మీ జట్టును ఓడించినవాళ్లనూ కూడా కలవండి. పక్క పేటవాళ్లు చెప్పే కథ వేరేగా ఉంటుంది. అంపైర్ విషయంలో గొడవ జరిగిందంటే రెండు పక్షాల మాటా, ఎవరు చెప్పారో పేరుతో సహా రాయండి. ఏది నిజమో మీరు తేల్చనక్కర్లేదు. అలాగే ఆ కోర్టులోకి ఎవరు రాగలిగారు, ఎవరు గట్టు మీద నిలబడి బంతులు అందిస్తూ ఉండిపోయారు అన్నది కూడా అడగండి. మన ఊళ్లలో కోర్టు ఏ వీధిలో ఉందన్న దాన్ని బట్టే చాలాచోట్ల ఎవరు ఆడాలో తేలిపోయేది. ఆ మాట రాయకుండా జట్టు గొప్పతనం ఒక్కటే రాస్తే అది సగం చరిత్రే. బంతులు అందించిన కుర్రాడి పేరు దొరికితే ఆటగాళ్ల పేర్ల పక్కనే వేయండి.

ఆడపిల్లల జట్ల గురించి ప్రత్యేకంగా చెబుతాను. హైస్కూళ్లలో, విమెన్స్ కాలేజీల్లో అమ్మాయిల జట్లు ఉండేవి. మా కవర్లలో రెండు జడలు వేసుకుని బ్యాట్లు పట్టుకున్న అమ్మాయిల గ్రూప్ ఫోటోలు కొన్ని ఉన్నాయి. కానీ పేట చరిత్ర ఎవరు చెప్పినా వీళ్ల ఊసు రాదు. వెతకడం కూడా కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, చాలామందికి ఆట అక్కడితో ఆగింది. అందుకే పుట్టింటి ఇంటిపేరుతో వెతకాలి. వాళ్ల అన్నదమ్ముల ద్వారా వెళ్లండి, అదే స్కూల్లో చదివిన తోటివాళ్లను అడగండి. దొరికాక ఆవిడతో విడిగా మాట్లాడండి. ఇంట్లోవాళ్లు చుట్టూ కూర్చుంటే ఆవిడ బదులు వాళ్లే జవాబులు చెప్పేస్తారు. పుస్తకంలో రెండు ఇంటిపేర్లూ వేయండి. తమ అమ్మమ్మ జిల్లా జట్టుకు ఆడిందని ఆ పుస్తకం చూశాకే తెలిసిన మనవళ్లున్నారు.

తేదీల దగ్గర అందరూ తికమకపడతారు. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. "దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?" అని అడగండి, అది 1977 నవంబరు. జై ఆంధ్ర గొడవల్లో కాలేజీలు మూతపడ్డ ఏడాదా అని అడిగితే 1972-73. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004ల్లో వచ్చాయి, మనవైపు వాళ్లకు అవి బాగా గుర్తుంటాయి. పెద్దబ్బాయి పుట్టాక ఆడారా అన్న ప్రశ్న కూడా బాగా పనిచేస్తుంది.

కాగితాలు ఇంకా స్పష్టంగా చెబుతాయి. క్లబ్బు జమాఖర్చుల పుస్తకంలో అణాలు ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలు అని ఉంటే ఆ తర్వాతి కొన్నేళ్లది. లెటర్‌హెడ్ మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతే అచ్చయింది. విజయవాడ రైల్వే ఆటగాడి సర్టిఫికెట్‌లో సదరన్ రైల్వే అని ఉంటే, అది 1966 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడటానికి ముందుది అయ్యుంటుంది. గుంటూరు కాలేజీ కుర్రాడు ఆంధ్రా యూనివర్సిటీ తరఫున ఆడాడంటే ఆశ్చర్యపోకండి, నాగార్జున యూనివర్సిటీ 1976లోనే వచ్చింది. ఒంగోలు, చీరాల ఆటగాళ్లు గుంటూరు జిల్లా జట్టులో కనిపిస్తే అది 1970 ఫిబ్రవరికి ముందు జట్టు, ఎందుకంటే ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) అప్పుడే విడిపోయింది. గేము 29 పాయింట్లకు ముగిసిందంటే పాత లెక్క, ఇప్పుడు 35. ఒక్క జాగ్రత్త ఉంది. పాత లెటర్‌హెడ్‌లు అయిపోయేదాకా వాడుకునే అలవాటు మన క్లబ్బులకు ఉండేది. కాబట్టి ఒక్క గుర్తు చూసి సంవత్సరం ఖాయం చేయకండి, రెండు మూడు కలిసేలా చూసుకోండి. ఖాయం కాకపోతే "1970కి ముందు" అని రాస్తే చాలు, అది తప్పు సంవత్సరం కంటే ఎంతో మేలు.

కప్పుల దగ్గర మొదలుపెట్టొద్దన్నాను గానీ, ఏటా గెలిచిన జట్టుకు చేతులు మారే రోలింగ్ షీల్డును మాత్రం వదలకండి. దాని చుట్టూ ఉండే చిన్న చిన్న వెండి రేకుల మీద ఏ ఏడు ఎవరు గెలిచారో వరసగా చెక్కి ఉంటుంది. ఇవి హెడ్మాస్టర్ గదిలోనో, క్లబ్బు బీరువా మీదో దుమ్ము పట్టి ఉంటాయి. పక్క నుంచి టార్చి వేసి ఫోటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా చదవొచ్చు. కాలేజీ జట్టైతే వార్షిక సంచికలు చూడండి. అందులో ఫిజికల్ డైరెక్టర్ నివేదిక ఉంటుంది, అందరి పేర్లూ ఉంటాయి. ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ లాంటి పాత కాలేజీల సంచికలు వాటి లైబ్రరీల్లోనే కాదు, అక్కడ చదివినవాళ్ల ఇళ్లలో కూడా దొరుకుతాయి.

పాత పేపర్ల కోసం వేటపాలెం వెళ్లండి. అక్కడి సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలు దాచడంలో దానికి గొప్ప పేరుంది. గుంటూరు నుంచి తెనాలి, బాపట్ల, చీరాల దాటితే వేటపాలెం స్టేషన్. 1914లో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1938 నాటి ఆంధ్రప్రభ, బెజవాడలో 1952లో మొదలైన విశాలాంధ్ర, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతి, వీటిలో మీ జట్టు కాలానికి సరిపోయేవి ఎంచుకోండి. టోర్నమెంట్లు ఎక్కువగా సంక్రాంతికీ, దసరాకీ, వేసవి సెలవుల్లోనూ జరిగేవి కాబట్టి ఆ వారాలు ముందు చూడండి. పండగ సెలవుల వల్ల ఫలితం రెండు మూడు రోజులు ఆలస్యంగా పడి ఉండొచ్చు. పాత పేపర్లలో మీకు దొరికేది ఒక మూల రెండు వాక్యాలే. 1989 ప్రాంతంలో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టాక మాత్రం పేట జట్ల ఫోటోలు కూడా పడటం మొదలైంది. ఆ జిల్లా సంచికలను మెయిన్ పేపర్‌తో పాటు బైండు చేసి దాచారో లేదో లైబ్రరీలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆటగాళ్ల ఇళ్లలో కత్తిరించి దాచుకున్న ముక్కలకు తేదీ ఉండదు. వెనకవైపు ఉన్న సినిమా ప్రకటన, మార్కెట్ ధరలు చదివితే తేదీకి దారి దొరుకుతుంది.

క్లబ్బు రిజిస్టరైతే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీ కాగితాలు ఉంటాయి, మొదటి సభ్యుల పేర్లు, చిరునామాలు అందులో తెలుస్తాయి. మామూలుగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

రాసేటప్పుడు సంవత్సరాల వారీగా ఫలితాలన్నీ చివర ఒక పట్టికలో పెట్టేసి, లోపల మనుషుల గురించి రాయండి. కోర్టు ఉన్న చోటు ఖచ్చితంగా చెప్పండి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు రాస్తే చాలు, అక్కడ ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉన్నా చదివేవాళ్లు వెళ్లి చూడగలరు. ఓడిన ఫైనల్స్ కూడా రాయండి. ప్రతి ఆటగాడి పేరూ వాళ్లింట్లో ఎలా రాస్తారో అలాగే రాయండి. బతికి ఉన్నవాళ్లకు, లేనివాళ్ల పిల్లలకు, వాళ్ల పేజీ అచ్చుకు ముందే చదివి వినిపించండి.

డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొడతారు. పుస్తకం చక్కగానే వస్తుంది గానీ, ఆ ఫైల్లో రేపు ఒక పేరు వెతకాలంటే వీలుకాదు. యూనికోడ్ (పేర్లు వెతకడానికి వీలయ్యే తెలుగు అక్షరాలు) కాపీ కూడా కావాలని మొదటే ఒప్పందం చేసుకోండి. లోపలి పేజీలకు మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం సరిపోతుంది, ఫోటోలకు మాత్రం నున్నటి ఆర్ట్ పేపర్ వేయించండి. అక్కడ ఖర్చుకు వెనకాడితే వెనక వరస మొహాలు మళ్లీ నల్లగా అయిపోతాయి.

అచ్చయ్యాక ఆటగాళ్ల కుటుంబాలకు పోగా, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి జట్టు ఆడిన స్కూలుకు, ఒకటి వేటపాలేనికి ఇవ్వండి. స్కాన్ చేసిన ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో వేసి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో ఉంచండి. పుస్తకం చివర కొన్ని ఖాళీ పేజీలు వదిలి, మీ ఫోన్ నంబరు ఇవ్వండి. మొదటి నెలలోనే ఫోన్లు వస్తాయి, "ఆ మూడో నంబరు మా మామయ్య, పేరు తప్పు పడింది" అని. విన్నదాన్ని రెండోవారితో సరిచూసుకుని, సవరణ చీటీ అచ్చు వేయించి, పంచిన కాపీలన్నిటికీ పంపండి. లైబ్రరీ కాపీలో మాత్రం మీరే వెళ్లి అతికించి రండి.